మెయిన్ జెట్

దోసె తిరగెయ్యబోతూ సుగంధి చెవి రిక్కించింది. గోడకవతల షెడ్డులో నాగశ్రీ మేడమ్ ఎర్ర కారు సగం వేగం దాకా బాగానే పాడి, ఆపైన దగ్గుతోంది.

"కాఫీ యాడ?" షెడ్డులోంచి మొగుడు విజయరంగన్ అరిచాడు.

2003 నాటికి పాండిచ్చేరి రెడ్డియార్‌పాళయంలో కారు వేగం పెంచాలంటే అందరూ చెప్పే పేరు విజయరంగన్‌దే. గాలి ధారాళంగా పీల్చే ఫిల్టరూ, పొగను అడ్డులేకుండా వదిలే సైలెన్సరూ తెప్పించి బిగించేది అతనే. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ విప్పి, కడిగి, ఇంజన్ మాట వినేట్టు సర్దేది మాత్రం ఆరేళ్ళుగా సుగంధి. స్పానర్లు అందించమని పిలిచాడు మొదట్లో. తర్వాత స్పానర్ ఆమె చేతికే వచ్చింది. కస్టమర్ గేటు దగ్గర కనబడితే చాలు, "లోపలికి పో" అనేవాడు. లోపల అత్త సౌభాగ్యం, "ఆయిల్ చేత్తో పిండి ముట్టొద్దు" అనేది. ఆ పిండి రుబ్బేదీ సుగంధే. ఇటు మెకానిక్ కాదు, అటు శుభ్రమైన కోడలూ కాదు.

కాఫీ ఇస్తూ అంది: "గాలి ఎక్కువైంది, దానికి తగ్గ పెట్రోలు అందలేదు. మెయిన్ జెట్ పెద్దది వెయ్యాల."

"ఫిల్టరే సరిలేదు. నీకేంది తెలిసేది?" అని, ఇంకో ఫిల్టర్ తేవడానికి టౌనుకు పోయాడు.

అతని స్కూటర్ చప్పుడు దూరమయ్యాక సుగంధి కొంగు దోపి ప్లగ్గు విప్పింది. పెట్రోలు చాలక కొన సున్నంలా తెల్లగా కాలి ఉంది. తను అన్నదే నిజం. పెట్రోలు వెళ్ళే సన్న బెజ్జం ఉన్న చిన్న ఇత్తడి మర, అదే జెట్, తీసి పెద్దది బిగించింది. స్టార్ట్ చేసి తొక్కింది. దగ్గు లేదు. ఇంజన్ ఒక్క గుక్కలో పైకి లేచింది, దానితోపాటు ఆమె గుండె కూడా.

సాయంత్రం నాగశ్రీ వచ్చింది. యానాం నుంచి వచ్చి లాస్‌పేట కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. విమానాశ్రయం రోడ్డు దాకా నడిపి, మొహమంతా వెలుగుతో దిగింది. "ఏం చేశారండీ? ఎగిరిపోతోంది!"

కొత్త ఫిల్టర్ డబ్బా విప్పకుండానే చేతిలో పట్టుకుని ఉన్న విజయరంగన్ సుగంధి వైపు ఒకసారి చూశాడు. "ఫిల్టర్ కొంచెం సర్దినాను మేడమ్."

ఎప్పటిలా లోపలికి పోవడానికి సుగంధి ఒక అడుగు వేసింది కూడా. ఆగింది.

"ఫిల్టర్ కాదు మేడమ్. మెయిన్ జెట్ మార్చింది నేను."

నాగశ్రీ ఆమె గోళ్ళలోని నల్లటి మడ్డి చూసింది. కారు తాళం అందించింది. "అయితే మీరే నడిపి చూడండి."

స్పేర్లు తేవడానికని మొగుడు తీయించిన లైసెన్సు సుగంధికి ఉంది. దాంతో షెడ్డు నుంచి అంగడికి తప్ప ఆమె ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు. ఆ సాయంత్రం ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో తొక్కితే, కారు వీపును ముందుకు తోసింది. తన చేతి పని తననే మోసుకుపోతుంటే సుగంధికి నవ్వు ఆగలేదు. పక్కన నాగశ్రీ కూడా నవ్వుతోంది. "ఆదివారం చెన్నై దగ్గర ఆడవాళ్ళ కారు పందెం. మెకానిక్‌గా వస్తారా?"

ఇంటికొచ్చి, చెయ్యి కడుక్కోకుండానే చెప్పింది సుగంధి. "ఆదివారం నేను పందేనికి పోతున్నాను."

"వంట?" విజయరంగన్ తల్లి వైపు తిరిగాడు.

సౌభాగ్యం గుమ్మంలోంచి తొంగి షెడ్డు ముందున్న ఎర్ర కారును చూసింది.

"నన్నడగొద్దురా. ఆ బండ్లో ఎనక సీటు కాలీగానే కదా ఉండేది?"