నలుపా, మెరుపా

అత్త కొలిమి దగ్గర, కోడలు సానరాయి దగ్గర. పొద్దున ఏడింటికల్లా ఇద్దరి పనీ మొదలయ్యేది. కొడుకు వారమంతా ఊళ్లు తిరిగి సరుకు అమ్ముకొచ్చేవాడు. సాటి కమ్మరులు వాడే సుత్తులు, పట్టకార్లు చెయ్యడంలో అత్తది అందె వేసిన చెయ్యి. ఎవరొచ్చినా కోడలు ముందు అడిగేది ఒకటే: "నలుపా, మెరుపా?"

నలుపంటే నిప్పులోంచి వచ్చిన పొర అలాగే ఉంచెయ్యడం. తుప్పు తొందరగా పట్టదు, చేతిలో జారదు. మెరుపంటే ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది అద్దంలా చెయ్యడం. అత్త చేసిన ఇనుముని అలా మెరిపిస్తే, అందులో చూసుకున్నవాళ్లకి రేపటి మొహం కనిపించేది. రేపు గడ్డం గీసుకుంటే పడే గాటు, రేపు ముక్కు మీద లేచే కురుపు. చూసింది తప్పిన దాఖలా లేదు. అందుకే చాలామంది నలుపే పట్టుకెళ్లేవాళ్లు.

ఆ రోజు గేట్ల మేస్త్రి వచ్చాడు. "ఈసారి మెరుపు కావాలమ్మా. గేటుకి సన్నటి ఆకుల పని. సుత్తి గరుగ్గా ఉంటే ప్రతి ఆకు మీదా మశూచి మచ్చలే."

"చూసుకోడానికి భయం లేదా మేస్త్రీ?"

"నా మొహం ఇవాళే చూడలేక చస్తున్నాను, రేపటిదో లెక్కా!" అని నవ్వి వెళ్లాడు.

మధ్యాహ్నానికి సుత్తి తేటపడింది. ఎలా వచ్చిందో చూద్దామని అత్త కోడలి భుజం మీదుగా వంగింది. ఇనుములో రెండు మొహాలు. కోడలిది మామూలుగానే ఉంది. అత్త మూతి ఎడమపక్కకి జారిపోయింది. ఆ వైపు కన్ను సగం వాలిపోయి ఉంది.

కోడలి చెయ్యి ఆగిపోయింది.

"ఉబ్బెత్తు సుత్తి కదే, ఎవరైనా వంకరగానే కనిపిస్తారు," అంది అత్త.

"నేను వంకరగా లేనుగా అత్తయ్యా."

అత్త వెళ్లి కొలిమి తిత్తి లాగడం మొదలుపెట్టింది.

కోడలు లేచింది. ఓ పట్టకారు తీసి, చదునుగా ఉన్నచోట బొటనవేలంత మేర మెరిపించింది. తొందరలో రెండుసార్లు గోరు చీరుకుంది. "ఇది సరిపోతుందా, చూడండత్తయ్యా," అని పిలిచింది. ఎందుకు పిలిచిందో అత్తకి తెలుసు. అయినా వచ్చి చూసింది.

అదే మూతి. అదే కన్ను.

అత్త దాగలి దిమ్మ పక్కనే నేల మీద కూలబడింది. "మా అమ్మకీ ఇంతే. నీళ్లు తోడుతూ పడిపోయింది. నాలుగేళ్లు మంచంలోనే, మాటా పలుకూ లేకుండా." ఆమె గొంతు అంత సన్నగా పలకడం కోడలు ఎప్పుడూ వినలేదు. "రేపు నన్ను ఇక్కడే ఉండనీ. చూసింది తప్పదే."

"తప్పదు. రేపు మీ మొహం వంకరపోతుంది. ఎల్లుండి మొహం ఎవరు చూశారత్తయ్యా?"

అత్త తలెత్తి చూసింది.

మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. చీటీలు రాసే ఆవిడ "ఏం బాధ?" అని అడిగింది.

"ఇప్పుడేం లేదండీ," అంది కోడలు. "వస్తుంది. పక్షవాతం."

"మెరుపులో చూశారా?"

"రెండుసార్లు."

ఆవిడ చీటీ మీద రాసి, డాక్టరు గదికి ఎదురుగా ఉన్న బెంచీ చూపించింది.

కూర్చున్నారు. ఎనిమిదైంది. పదైంది. కోడలు అత్త మూతి మీంచి చూపు తిప్పలేదు. "కొరుక్కుతినేలా చూడకే తల్లీ," అంది అత్త. నవ్వబోయింది గానీ, కోడలి చేతిలో ఉన్న ఆమె చెయ్యి మంచుముక్కలా ఉంది. పదకొండు దాటాక "కాసిని మంచినీ..." అంది. మాట సగంలోనే ముద్దయిపోయింది. మూతి జారింది.

కోడలు పెట్టిన కేకకి డాక్టరు ఒంటి చెప్పుతోనే పరిగెత్తుకొచ్చాడు. తలకి ఫోటోలు తీసి, గడ్డకట్టిన రక్తం కరిగే మందు ఎక్కించారు. ఆ రోజంతా అత్త ఎడమ చెయ్యి ఎవరిదో వస్తువులా పరుపు మీద పడి ఉంది.

మర్నాడు పొద్దున మూతి ఇంకా వంకరగానే ఉంది. డాక్టరు ఆ చేతిలో తన రెండు వేళ్లు పెట్టాడు. "గట్టిగా పట్టుకోండమ్మా."

ఏమీ కాలేదు.

డాక్టరు నిట్టూర్చి వేళ్లు తీసుకోబోయాడు. రాలేదు.

"చాలమ్మా," అన్నాడు. కాసేపాగి, పళ్లు బిగించి, "అమ్మా, చాలండి, చాలు," అన్నాడు.

అత్త వదల్లేదు.