దొరసానమ్మ సాక్ష్యం

చర్చిలో కోతపండుగ పొద్దున స్తుతి బొరుగుల ఉగ్గానిని ముట్టనైనా లేదు. కర్నూల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చివరి ఏడాది చదువుతున్న పిల్ల, ఏ పరీక్షకూ ఇంతగా బెదరలేదు. ఈరోజు పరీక్షకు నిలబడేది వేరొకామె, పాసో ఫెయిలో మాత్రం తనకు.

విదేశీయులకు ఇంగ్లీషు ఎలా నేర్పాలో చెప్పే కోర్సు ఒకటి హైదరాబాదు కాలేజీలో ఉంది. స్తుతికి అందులో సీటు వచ్చింది. వాళ్ల నాన్న యేసుప్రసాద్ ఒప్పుకోవడం లేదు. ఆయనది కోడుమూరు అవతల ఊరు, ఉల్లి సేద్యం, పైగా చర్చి సెక్రటరీ. నీళ్లు ఏ మడికి పారాలో, బిడ్డ ఏ దారిన పోవాలో రెండూ తానే చెప్పాలనుకునే మనిషి. ఇంగ్లీషు దొరల భాష, దొరలకు మనం నేర్పడమేమిటి, వింటే నలుగురూ నవ్వుతారు, ఊరి పక్క కాన్వెంటులో టీచరుగా చేరమని తేల్చేశాడు. దేశం కాని దేశం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు పుట్టుకతోనే వస్తుందని ఊరంతటికీ గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని మిసుక్ వచ్చి చెడగొట్టింది. కొరియాలోని ఒక చర్చి ఆమెను ఈ ఊరి ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పడానికి పంపింది. యాభై దాటిన మనిషి. సూది పట్టిందంటే పిల్లలు కన్నార్పకుండా చూసేవారు. నోరు తెరిస్తే మాత్రం ఎస్, నో, థాంక్యూ తప్ప ఇంకేమీ రాదు. మొదటి వారం ఊరివాళ్లు ఆమెతో గట్టిగా అరిచి తెలుగులో మాట్లాడారు. రెండో వారం ఇంకా గట్టిగా అరిచారు. తర్వాత దొరసానమ్మ అని పేరు పెట్టి, కనబడినప్పుడల్లా నవ్వి ఊరుకున్నారు.

పాస్టరు జయకుమార్ అయ్యగారికి మాత్రం ఆమె చేత కోతపండుగలో సాక్ష్యం చెప్పించాలని కోరిక. దేవుడు తన బతుకులో చేసిన మేలును సంఘం ముందు నిలబడి నోరారా చెప్పుకోవడమే సాక్ష్యం. ఫోనులో అనువాదం చేసే యాప్ ఉందని స్తుతి అంటే, మైకులో ఫోను మాట్లాడితే అది ఫోను సాక్ష్యం అవుతుందని అయ్యగారు కొట్టిపారేశారు. అప్పుడు యేసుప్రసాద్ సంఘపెద్దలందరి ముందూ మాట ఇచ్చేశాడు.

"మా పాప నేర్పిస్తాది. ఆయమ్మ నోట ఇంగ్లీషు పలికితే, ఆ హైదరాబాదు కాలేజీకి నేనే తోడుకోని పోయి చేరుస్తా. పలకకపోతే, పాప ఆ మాట మళ్లా ఎత్తగూడదు."

నేర్చుకునే మనిషికి ముందుగా తన అవసరం తన మాటల్లో చెప్పుకోవడం నేర్పాలని స్తుతి చదివిన పుస్తకాలు చెబుతాయి. ఆ జవాబు పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకుంది. కానీ పండుగ తరుముకొస్తుంటే పుస్తకాలు ఎవరికి గుర్తుంటాయి? చిన్నప్పుడు సండేస్కూల్లో బహుమతులు తెచ్చిపెట్టిన పద్ధతినే పట్టుకుంది. బైబిలు వాక్యం కంఠతా పట్టించినట్టు, సాక్ష్యం తానే ఇంగ్లీషులో రాసి మిసుక్ చేత వరసగా వల్లె వేయించింది. ఇక్కడికి వచ్చినందుకు నాకు సంతోషం. ఈ ఊరి పిల్లలు మంచివాళ్లు. మా ఊళ్లో మా అమ్మ నాకోసం రోజూ ప్రార్థన చేస్తుంది. దేవుడు మా ఇద్దరినీ చల్లగా చూస్తున్నాడు. ఇలా ఒక పేజీ.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టింది. పాఠం జరిగేటప్పుడు కొరియా మాట ఆడకూడదు, ఫోను ముట్టకూడదు. ఫోనుంటే నాలుకకు బద్ధకం వస్తుందట. మిసుక్ ఫోను తీయగానే స్తుతి "నో ఫోన్" అని దాన్ని లాక్కుని ఆమె చేతిసంచిలో పడేసేది. ఇద్దరూ నవ్వుకునేవారు. అది వాళ్లకు ఒక ఆటయింది.

పండుగ పొద్దున మిసుక్ స్తుతి ఇంటికే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఫోను చేతిలోనే ఉంది. గడపలో నిలబడి "మదర్" అంది. మదర్ సంగతి మూడో వాక్యం. అంటే మొదటి రెండూ మరిచిపోయిందన్నమాట. స్తుతి ఫస్ట్ లైన్ చెప్పమంది. మిసుక్ తల అడ్డంగా ఊపి ఫోను చూపించబోయింది. "నో ఫోన్. లేటర్, లేటర్" అని స్తుతి దాన్ని లాక్కుని సంచిలో వేసింది. ఈసారి మిసుక్ నవ్వలేదు. బెదురుతో నిద్రపట్టి ఉండదులే అనుకుంది స్తుతి, తనకు మాత్రం పట్టిందా? చర్చిదాకా నడుస్తూ మళ్లీ మొదటి నుంచీ అడిగింది. మిసుక్ నేల చూస్తూ అంతా తప్పు లేకుండా అప్పజెప్పింది. అప్పటికిగానీ స్తుతికి ఊపిరాడలేదు.

చర్చి ముందు షామియానా వేశారు. జొన్న కంకులు, ఉల్లి బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఎవరి చేతనైనది వాళ్లు దేవునికి తెచ్చి పెట్టారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం. ముందు వరసలో యేసుప్రసాద్ తెల్లచొక్కా వేసుకుని కర్నూలు నుంచి వచ్చిన పెద్దల పక్కన కూర్చున్నాడు. బిడ్డను చూసి ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

మా వైపు సభల్లో తర్జుమా చేసేవాళ్లు నీళ్లు నమలకూడదు. ప్రసంగించే మనిషి చెయ్యెత్తితే చెయ్యెత్తాలి, గొంతు పెంచితే పెంచాలి, మధ్యలో ఊపిరి సందు కూడా ఇవ్వకూడదు. తడబడితే ఏడాదిపాటు ఊళ్లో అదే చెప్పుకుంటారు. స్తుతి రెండో మైకు పట్టుకుంది.

మిసుక్ మొదటి వాక్యం చెప్పింది. స్తుతి తెలుగులో చెప్పింది. జనం "ఆమేన్" అన్నారు. రెండోదీ అలాగే గడిచింది. మూడో వాక్యంలో "మదర్" అనగానే మిసుక్ ఆగిపోయింది. తర్వాత కొరియా భాష మొదలైంది.

ఆగకుండా వస్తున్న ఆ మాటల్లో ఒక్క ముక్క కూడా స్తుతికి తెలియదు. అది ఇంగ్లీషు కాదని మాత్రం తెలుసు. షామియానా కింద ఆ సంగతి తెలిసింది తనొక్కతికే; అయ్యగారూ కర్నూలు పెద్దలూ కూడా అది దొరసానమ్మ యాస అనుకున్నారు. నాన్న మురిసిపోతూ పక్కనున్న పెద్దమనిషికి ఏదో చెబుతున్నాడు. ఇప్పుడు ఆపితే హైదరాబాదు మాట ఇంక ఎత్తడానికి ఉండదు. ఆపకపోతే ఎవరికీ తెలియదు. మిగతా పేజీ ఎలాగూ తనకు కంఠతా వచ్చు. భయం నోరు తెరిపించింది.

"మా అమ్మ నాకోసం రోజూ ప్రార్థన చేస్తుంది. దేవుడు మా ఇద్దరినీ చల్లగా చూస్తున్నాడు."

జనం చప్పట్లు కొట్టారు. "ఆమేన్" అని షామియానా అదిరేలా అన్నారు. ఆ ఒక్క మాట కొరియాలోనూ ఆమేనే. మిసుక్ చటుక్కున ఆగి, నవ్వుతున్న మొహాల్ని ఒక్కొక్కటిగా చూసింది. తను చెప్పినదానికి వీళ్లు చప్పట్లు ఎందుకు కొడుతున్నారో ఆమెకు అంతుపట్టలేదు. స్తుతి వైపు తిరిగింది. స్తుతి ఆ చూపును తట్టుకోలేకపోయింది.

"ఆపండి" అంది మైకులోనే. "ఇప్పుడు నేను చెప్పింది ఈయమ్మ మాట కాదు. నేను రాసిచ్చిన మాట. ఈయమ్మ ఏం చెప్తాందో నాకు తెలీదు."

స్తుతి నాన్న వైపు చూడలేదు. మిసుక్ చేయి పట్టుకుని, నిదానంగా, ఏమైందని ఇంగ్లీషులో అడిగింది. మొదటి రోజే అడగవలసిన తీరులో అడగడం అదే మొదలు. మిసుక్ వెతుక్కుని వెతుక్కుని, ఎవరూ నేర్పని వాక్యాలు చెప్పింది.

"మదర్. హాస్పిటల్. నో గుడ్. మార్నింగ్, ఐ సే యూ. యూ సే, లేటర్."

స్తుతి తర్జుమా చేయలేక మైకు వదిలేసి ఏడ్చింది. థాంక్యూ చెప్పడం నేర్పాను, స్తోత్రం చెప్పడం నేర్పాను, నాకు కష్టమొచ్చిందని చెప్పడం మాత్రం నేర్పలేదు అనుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

యేసుప్రసాద్ లేచి మైకు దగ్గరికి వచ్చాడు. అందరి ముందూ కేకలేస్తాడేమోనని స్తుతి బిగుసుకుపోయింది. ఏమంటోందని ఆయన మెల్లగా అడిగాడు. వాళ్లమ్మ చావుబతుకుల్లో ఉన్నట్టుందని స్తుతి చెప్పింది. ఆయన బిడ్డనూ మిసుక్‌నూ మార్చి మార్చి చూసి, షామియానా చివర నిలబడ్డ, ఊళ్లో బాడుగకు కారు తోలే చాంద్‌ను కారు తీయమన్నాడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే, కారు ఎక్కేదాకా చేద్దురుగానీ రండయ్యా అని నడుస్తూనే అన్నాడు.

హాస్టల్లో మిసుక్ పాస్‌పోర్టు తీసుకుని హైదరాబాదు దారి పట్టారు. కారులో స్తుతి ఆ చేతిసంచిలోంచి ఫోను తీసి మిసుక్‌కు ఇచ్చింది. తెల్లవారుజామున ఆమె తమ్ముడు పంపిన కబురును యాప్ తెలుగులోకి మార్చింది. అమ్మకు బాగాలేదు, నీ పేరే అడుగుతోంది, త్వరగా రా. కర్నూలు దాటేలోపు తమ్ముడు విమానం టికెట్టు పంపాడు. మధ్యలో ఎక్కడో దిగి ఇంకో విమానం పట్టుకోవాలట. మిసుక్ టికెట్టును రెండుసార్లు చదివి, స్తుతి వైపు తిరిగి "టీచ్ మీ" అంది.

ఈసారి స్తుతి ఏమీ రాసివ్వలేదు. అక్కడ ఎవరిని ఏం అడగాలనుకుంటున్నావని సైగలతో, ఉన్న నాలుగు మాటలతో అడిగింది. మిసుక్ వేళ్లతో, కళ్లతో చెప్పింది. ఆమెకు కావలసిన మాటకు మాత్రమే స్తుతి ఇంగ్లీషు అందించింది. మా అమ్మకు సీరియస్. నేను తొందరగా వెళ్లాలి. దారి చూపండి. మిసుక్ వాటిని తనకు తోచిన వరసలో మార్చుకుంది, స్తుతి దిద్దలేదు. ముందు సీట్లో యేసుప్రసాద్ రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఏమంటాడోనని స్తుతికి ఇంకా భయంగానే ఉంది.

విమానాశ్రయంలో టికెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వరు. తండ్రీకూతుళ్లు అద్దాల బయటే నిలబడ్డారు. లోపల పెద్ద క్యూ. మిసుక్ క్యూ పక్కగా పోయి యూనిఫాం వేసుకున్న అమ్మాయితో ఏదో మాట్లాడుతోంది. ఆ అమ్మాయికి మొదట అర్థమైనట్టు లేదు. స్తుతి పెదవులు వాటంతటవే కదులుతున్నాయి. మిసుక్ మళ్లీ చెప్పింది. ఆ అమ్మాయి ఆమె సంచి అందుకుని, భుజం మీద చెయ్యివేసి, క్యూ ముందుకు తీసుకుపోయింది.

"ఏమన్యాదో?" అన్నాడు యేసుప్రసాద్.

"నాకూ తెలీదు నాయనా. ఆయమ్మ మాటే అది."

"పలికింది గదా" అన్నాడాయన. "ఆ కాలేజీ ఈ ఊర్లోనే గదా ఉండేది. యాడ?"

ఇన్నాళ్లూ ఆ మాట కోసమే స్తుతి వేచి ఉంది. ఇప్పుడు అది చెవికి ఎక్కలేదు. మిసుక్ కనుమరుగైన చోటునే చూస్తూ ఉండిపోయింది.

"వాళ్లమ్మను కండ్లారా చూసినాదని తెలిసినాంక చెప్తా నాయనా" అంది.