ఫిలోమెన్ అత్త ఇంటి పొగ

మా తమ్ముడు అన్సెల్మ్ మంచు కప్పిన మా ఊరి బొమ్మ గీయడం పూర్తి చేశాడని తెలిసి ఊరంతా మా వంటింట్లోకి దూరింది. పారిస్‌లో ఎన్నేళ్లు తిరిగినా గీయడానికి వాడికి మా ఓవెర్న్ కొండలే కావాలి, అదీ ఎముకలు కొరికే చలిలో. మంచుకు నీలం పెట్టి ఉతికావా అని కొందరు దెప్పారు గానీ, ఎవరి ఇంటి కప్పును వాళ్లు గుర్తుపట్టి మురిసిపోయారు. మా మేనత్త ఫిలోమెన్ మాత్రం మొహం ముడుచుకుంది. బొమ్మలో ఆమె ఇంటి పొగగొట్టం నుంచి పొగ రావడం లేదు.

చలికాలం పొద్దున్నే మేం చూసేది ఇరుగుపొరుగు పొగగొట్టాలనే. ఎక్కడైనా పొగ లేకపోతే మనిషి పోయిందేమోనని చేతిలో పని వదిలి పరుగెత్తుతాం. ఈ బొమ్మేమో పారిస్ ప్రదర్శనకు వెళ్తోంది. అక్కడ బొగ్గుల కొట్టు నడిపే మా చిన్నత్త చూడకుండా ఉంటుందా? అక్క పోయినా కబురు చెయ్యలేదని గుండెలు బాదుకోదూ!

కాస్త పొగ పెట్టమని అత్త బతిమాలింది. అక్కను కాబట్టి నేనూ బాగా గడ్డి పెట్టాను. వాడు ససేమిరా అన్నాడు. ఆ పొద్దున అక్కడ పొగ లేదట, కంటికి కనబడనిది వాడి కుంచెకు ఎక్కదట. వాడు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

"ఎందుకు లేదో తెలుసుట్రా?" అంది అత్త మెల్లగా. "నీ బొమ్మ మీద మంచు పడకుండా వెనకాల నించుని గొడుగు పట్టింది ఎవరనుకున్నావు? ఈలోగా ఇంట్లో పొయ్యి ఆరిపోయింది."

వాడు నావైపు చూశాడు. నేను కాదని తల అడ్డంగా ఊపాను. బొమ్మ వేసేటప్పుడు వాడు వెనక్కి తిరగడు. ఆ గొడుగు నాదే అనుకున్నాడట, పిచ్చి సన్నాసి. అత్త చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే మళ్లీ అక్కడే కూర్చున్నాడు. ఈసారి గొడుగు నేను పట్టాను. వేళ్లు కొంకర్లు పోతుంటే వాణ్ని నోరారా తిట్టాను. కాసేపటికి అత్త ఇంటి కప్పు మీద పొగ లేచింది. వాడు దాన్ని బొమ్మలోకి ఎక్కిస్తుంటే నా ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి అత్త మా గుమ్మంలో నిలబడి రొప్పుతోంది. పరుగున వచ్చిందేమో, కాళ్లకు చెక్కజోళ్లు కూడా లేవు.

"బతికే ఉన్నావుటే?" అంది నన్ను చూసి. "మీ ఇంటి మీద పొగ లేదే!"