ఒకటో నంబరు బిళ్ళ

"ఈసారి హాయిగా, తీరిగ్గా వెళ్ళొద్దాం నాన్నా. ఏ హడావిడీ వద్దు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మేం కారు తెస్తాం, మీరు ఎక్కి కూర్చోవడమే" అని సిల్కె ఫోను పెట్టేసింది. కూతురు ఫోను పెట్టేసిన మరుక్షణం తల్లి గెర్లిండే నడుం బిగించింది.

తీరిగ్గా వెళ్ళడానికి ఆవిడ రాసుకున్న జాబితాలో ముప్ఫై నాలుగు వస్తువులున్నాయి. ఎండకు పూసుకునే క్రీమూ ఉంది, వానకోట్లూ ఉన్నాయి. జర్మనీ బొగ్గుగనుల రూర్ ప్రాంతంలో ఆకాశాన్ని నమ్మి బయల్దేరేంత అమాయకులు ఆ వీధిలో ఎవరూ లేరు. బంగాళాదుంప సలాడ్ పెద్ద గిన్నెడు, వేయించిన మాంసం ఉండలు ముప్ఫై, ఉడికించిన గుడ్లు పది. వాళ్ళు వెళ్ళే సినిమా పార్కులో తిండి దొరకదని కాదు, అక్కడ దొరికేది తిండే కాదని ఆవిడ గట్టి నమ్మకం.

శనివారం మధ్యాహ్నం ఆవిడ భర్త ఎవాల్డ్ బల్ల దగ్గర కూర్చుని గుడ్ల పెంకు తీస్తున్నాడు. ఎదురుగా మనవరాలు మెర్లె పార్కు మ్యాపు పరుచుకుని కూర్చుంది. దానికి ఎనిమిదేళ్ళు. శుక్రవారం సాయంత్రమే వచ్చి అమ్మమ్మ ఇంట్లో దిగిపోయింది.

"ఇదిగో తాతా, గని రైలు. సినిమాలో చూపించింది ఇదే. చీకట్లో పోతా ఉంటే పైకప్పు కూలిపోతుంది. నిజంగా కాదులే, స్పాంజి రాళ్ళు. దీపాలన్నీ టప్పున ఆరిపోతాయి. నేను నీ పక్కనే కూర్చుంటా."

"మీ నాన్న పక్కన కూర్చోరాదూ?"

"నాన్నకి భయం. పోయినసారి కళ్ళు మూసుకునే ఉన్నాడు. నీకేం, నువ్వు నిజం గనిలో పనిచేశావుగా!"

నవ్వబోయాడు ఎవాల్డ్. నవ్వు రాలేదు. చేతిలో గుడ్డు రెండు ముక్కలై ఉంది, బొటనవేలు పచ్చసొనలోకి దిగిపోయి ఉంది. భయమేసింది అతనికి. డెబ్బై ఏళ్ళవాడు, కాగితం మీద రంగుల బొమ్మ చూసి భయపడ్డాడు.

రైలుకు కాదు అతని భయం. ఆ చీకట్లో, ఆ రాళ్ళు పడే చప్పుడులో, నలభై అయిదేళ్ళుగా నోట్లోనే తొక్కిపెట్టిన మాట బయటికి వచ్చేస్తుందేమోనని. వెనక సీట్లో గెర్లిండే ఉంటుంది. ఆవిడ వింటుంది. అలమర మీద వాళ్ళన్న యుప్ ఫోటో ఉంది, చేతిలో గని దీపం పట్టుకుని నవ్వుతూ. ప్రతి శనివారం దాని దుమ్ము తుడవనిదే ఆవిడ భోజనానికి కూర్చోదు. ఆ రోజూ తుడిచింది.

"గుడ్డును ఏం చేశావు ఎవాల్డూ? పెంకు తీయమంటే పీక పిసికావా?" గెర్లిండే వెనకనుంచి వచ్చి గిన్నె లాక్కుంది. "లే. సెల్లార్‌లోంచి ఐస్ బాక్సు పట్టుకురా. బొగ్గు గదిలో ఉంటుంది. బల్బు పోయింది, టార్చి పట్టుకెళ్ళు."

"దొడ్లోంచి బుట్ట తెస్తాలే, బుట్ట చాలదూ?"

"సలాడ్ బుట్టలో పెడతారా ఎవరైనా? నా మోకాలు బాగుంటే నిన్ను బతిమాలేదాన్నా? తొమ్మిదేళ్ళు భూమిలో కిలోమీటరు లోతున తవ్వావు. పద్నాలుగు మెట్లు దిగడానికి ఇంత గీరా!"

ఆ ఇంట్లో సెల్లార్ పనులన్నీ ఎప్పుడూ గెర్లిండేవే. మొగుడికి బద్ధకమని ఆవిడ ఏనాడో తీర్మానించుకుంది. వసంతంలో మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు తప్పక అడుగుతోంది.

అతను లేచి నాలుగడుగులు వేశాడో లేదో మెర్లె కేకేసింది. "తాతా, బిళ్ళ! సెల్లార్ కూడా భూమి కిందే కదా!"

వీధి తలుపు పక్కన గోడకు ఒక చెక్క, దానికి ఆరు కొక్కేలు. ఆ చెక్క మెర్లె పనితనం. పార్కులో ఎవరూ తప్పిపోకుండా, బీరు గ్లాసుల కింద పెట్టే గుండ్రటి అట్టలకు చిల్లులు పొడిచి నంబర్లు వేసింది. తాతకు ఒకటి, అమ్మమ్మకు రెండు, అమ్మకూ నాన్నకూ మూడు, నాలుగు, తనకు ఐదు. ఆరో కొక్కెం ఖాళీగా మిగిలింది. ఈ పద్ధతి నేర్పింది ఎవాల్డే. గనిలో ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళకు ఉండేది. దిగేముందు కొక్కెం మీంచి తీసుకుని జేబులో వేసుకోవాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి కింద ఉన్నట్టే. అతను వచ్చేదాకా వెతకాల్సిందే. ఇదంతా దానికి ముచ్చటగా చెప్పాడు. చెప్పకుండా ఉంటే పోయేది.

ఎవాల్డ్ ఒకటో నంబరు బిళ్ళ జేబులో వేసుకున్నాడు. గెర్లిండే ఇంకో ఫ్లాస్కు అడిగి తెస్తానని పక్కింటికి వెళ్ళింది. మెర్లె మళ్ళీ మ్యాపులో తల దూర్చింది.

సెల్లార్ తలుపు వెనక నడవలో ఉంది. తెరిచాడు. చెమ్మ వాసన, పాత బొగ్గు వాసన ఒక్కసారి ముఖాన కొట్టాయి. మొదటి మెట్టు కనిపించింది, రెండోది కనిపించింది, మూడోది చీకట్లో లేదు. టార్చి అక్కడే అరలో పెట్టేసి, తలుపు చప్పుడు కాకుండా మూసి, పెరటి తలుపులోంచి బయటపడ్డాడు. ఎవరూ చూడలేదు.

పెరటి చివర మనిషి పట్టేంత పావురాల గూడు. అందులో బోర్లించిన బాల్చీ మీద కూర్చుంటే ఎవాల్డ్‌కు ఊపిరి ఆడుతుంది. పావురాలు ఇప్పుడు పందేలకు వెళ్ళవు. యుప్ పోయిన ఏడాదే ఎవాల్డ్ పందేలు మానేశాడు. తన అన్న మీద బెంగతో మానేశాడని గెర్లిండే అందరికీ చెప్పుకుంటుంది. ఆవిడ అలా చెప్పినప్పుడల్లా అతను తల దించుకుంటాడు, అది చూసి జనం ఎంత ప్రేమో అనుకుంటారు.

యుప్ పోయిన రోజూ శనివారమే. ఫ్రాన్సు సరిహద్దులో వదిలిన పావురాలు మధ్యాహ్నానికి తిరిగొస్తాయి. తన నీలం ఆడపావురం మొదట వస్తుందని ఎవాల్డ్‌కు గట్టి నమ్మకం. అది వాలగానే వచ్చిన సమయాన్ని పందెం గడియారంలో ముద్ర కొట్టడానికి మనిషి గూటి దగ్గర ఉండాలి. షిఫ్టు మధ్యలో మేస్త్రీ కన్నుగప్పి, ఖాళీగా పోతున్న లిఫ్టులో పైకొచ్చేశాడు. పైనెవరి కంటా పడకూడదని వెనక గేటులోంచి జారుకున్నాడు. బిళ్ళ జేబులోనే ఉండిపోయింది.

పావురం కోసం ఆకాశం చూస్తుండగా సైరన్ మోగింది. కింద పైకప్పు కూలింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు, బిళ్ళలు తగిలించారు. ఎవాల్డ్ నంబరు 417, ఆ కొక్కెం ఒక్కటే ఖాళీ. దాన్ని గమనించింది యుప్ ఒక్కడే, రోజూ ఇద్దరూ కలిసే ఇంటికి నడిచేవాళ్ళు కాబట్టి. "మా బావ రాలేదు" అని లిఫ్టు దగ్గరి ముసలాయనతో అని, ఎవరికోసమూ ఆగకుండా తన బిళ్ళ మళ్ళీ తీసుకుని దిగాడు. అప్పుడు రెండోసారి కూలింది. ఎవాల్డ్ పరుగున వచ్చేసరికి గేటు దగ్గర ఊరంతా ఉంది. ఆ గందరగోళంలో 417 బిళ్ళను కొక్కేనికి తగిలించేశాడు. యుప్ మరిచిపోయిన ఫ్లాస్కు కోసం వెళ్ళాడని కాగితాల్లో రాశారు. ముసలాయన ఎవాల్డ్‌తో యుప్ ఎందుకు దిగాడో ఒక్కసారి చెప్పాడు, ఇంకెవరితోనూ చెప్పకుండానే పోయాడు. ఆ తర్వాత ఎవాల్డ్ గనిలోకి దిగలేదు. రిటైరయ్యేదాకా పైన దీపాల గదిలో దీపాలిచ్చే పని చేశాడు.

పావురాలు కువకువలాడుతున్నాయి. ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. ఐస్ బాక్సు పగిలిపోయిందని చెబుదామని ఒక అబద్ధం సిద్ధం చేసుకుని ఇంట్లోకి వచ్చాడు.

వంటింట్లో ఎవరూ లేరు. మ్యాపు బల్ల మీదే ఉంది, కుర్చీ వెనక్కి జరిపి ఉంది.

"మెర్లె?"

మేడ మీద చూశాడు. వీధిలోకి తొంగిచూశాడు. వెనక్కి తిరిగితే చెక్క కనబడింది. ఒకటో కొక్కెం ఖాళీ. ఐదో కొక్కెం కూడా ఖాళీ.

చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఒకటో నంబరు అట్ట వేళ్ళకు తగిలింది. మెర్లె తనకోసం కిందికి వెళ్ళింది.

నడవలోకి పరిగెత్తాడు. సెల్లార్ తలుపు బార్లా తీసి ఉంది, అరలో టార్చి లేదు. "మెర్లె! మెర్లె!" అని అరిచాడు. కింద చీకటి తప్ప ఏమీ లేదు. అప్పుడు వినిపించింది, లోపలెక్కడో ఇనుము మీద రాయితో తట్టిన చప్పుడు. మూడు దెబ్బలు, ఆగి, మూడు దెబ్బలు. చీకట్లో చిక్కుకుంటే అరవకూడదు, గాలి ఖర్చవుతుంది, పైపు మీద తట్టాలి. ఇదీ తను చెప్పిందే.

మొదటి మెట్టు దిగాడు. గోడ పట్టుకుని రెండోది దిగాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నాడు, లెక్క తప్పితే పడిపోతానన్నంత భయంగా. ఏడో మెట్టు మీద ఉండగా తట్టడం ఆగిపోయింది.

ఎవాల్డ్ అక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు కింద యుప్ తట్టడం కూడా ఇలాగే ఆగింది. పైపుకు చెవి పెట్టి వింటున్న మనిషి తలెత్తి, టోపీ తీసేశాడు.

"వద్దురా దేవుడా, వద్దు" అంటూ మిగిలిన మెట్లు ఎలా దిగాడో, దూకాడో, పడ్డాడో. కుడి మోచెయ్యి చీరుకుపోయింది. చీకట్లో తడుముకుంటూ బొగ్గు గది ఇనప తలుపు పట్టుకున్నాడు. దాని గడియ బయటివైపు, తలుపు మూసుకుంటే దానంతటదే పడిపోతుంది. లాగాడు. తుప్పు పట్టిన గడియ రెండు చేతులతో లాగితే గాని రాలేదు.

మెర్లె ఐస్ బాక్సు మీద కూర్చుని ఉంది. టార్చిలో బ్యాటరీ అయిపోయి ఎర్రగా మిణుకుమంటోంది. చేతిలో రాయి, చెంపల మీద బొగ్గు మసి, దాని మీద కన్నీటి చారలు.

"ఎందుకు ఆపావు? ఎందుకు ఆపేశావే తట్టడం?" అని దాన్ని పట్టుకుని ఊపేశాడు ఎవాల్డ్.

"నీ అడుగులు వినిపించాయిగా! నువ్వెక్కడున్నావు తాతా? నేనంతా వెతికా. నీ బిళ్ళ లేదు. తలుపు పడిపోయింది. నీ మీద కూడా పడిపోయిందేమో అనుకున్నా."

"నేను కిందికి రాలేదమ్మా. పావురాల దగ్గర కూర్చున్నా. బిళ్ళ నా జేబులోనే ఉంది."

మెర్లె అతని చేతుల్లోంచి విడిపించుకుంది. "రూల్ నువ్వే చెప్పావు! కింద లేకపోతే బిళ్ళ తగిలించాలని నువ్వే చెప్పావు!"

"చెప్పాను. అప్పుడు కూడా తగిలించలేదు." ఇక ఆగలేదు అతను. బొగ్గు గది గడప మీద కూలబడి, ఎనిమిదేళ్ళ పిల్లకు మొత్తం చెప్పేశాడు. శనివారం, పావురం, జేబులో బిళ్ళ, ఖాళీ కొక్కెం, పైపు మీద యుప్ తట్టిన చప్పుడు.

"అయితే యుప్ తాత నీకోసం దిగాడా?"

"నాకోసమే."

"నువ్వు పైన ఉన్నావా?"

"పైనే ఉన్నా."

మెట్ల పైన ఏదో కదిలింది. వెలుతురులో గెర్లిండే నిలబడి ఉంది, రెండు చేతులతో పక్కింటి ఫ్లాస్కును ఛాతీకి అదుముకుని. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో అడగక్కర్లేదు. ఆవిడ ముఖం చూస్తే చాలు. ఎవాల్డ్ నలభై అయిదేళ్ళు భయపడింది ఆ ముఖానికే.

ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఎంతసేపు తట్టాడు?"

"సాయంత్రం ఆరింటిదాకా."

గెర్లిండే తల ఊపింది. "పిల్లని పైకి తీసుకురా. మోచెయ్యి కడుక్కో" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ ఐస్ బాక్సు తుడిచి సలాడ్ సర్దింది, జాబితాలో గీతలు కొట్టుకుంటూ పోయింది, సిల్కె గదిలో పడుకుంది. మొగుడితో ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎవాల్డ్‌కు కాస్త నిద్ర పట్టేదేమో.

ఆదివారం ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. వీధిలో కారు హారన్ మోగింది. ఎవాల్డ్ కోటు వేసుకోలేదు. రమ్మని ఎవరూ అనరు, అనాలని అడిగే ముఖమూ తనకు లేదు. నడవలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చెక్క మీద ఆరో కొక్కేనికి కొత్త బిళ్ళ వేలాడుతోంది. నంబరు లేదు. వంకర అక్షరాలతో యుప్ అని రాసి ఉంది.

గెర్లిండే దాన్ని చూసి ఆగింది. చెయ్యి చాపి తీయబోయింది.

"అమ్మమ్మా, అది తీయకూడదు" అంది మెర్లె. "తీస్తే మళ్ళీ కిందికి వెళ్ళినట్టు. నేను పైకి తెచ్చేశా."

ఆవిడ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పెదవులు బిగపట్టుకుని, అట్టను వేలితో ఒకసారి సరిచేసి వదిలేసింది. తన రెండో నంబరు తీసుకుంది. మెర్లె తన ఐదో నంబరుతో పాటు అమ్మ బిళ్ళా, నాన్న బిళ్ళా పట్టుకుని కారు దగ్గరికి పరిగెత్తింది. నిన్న పైకొచ్చాక ఎవాల్డ్ తగిలించిన ఒకటో నంబరు మిగిలింది. గెర్లిండే దాన్ని కొక్కెం మీంచి తీసి ఎవాల్డ్ ముందు చాపింది. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"కోటు వేసుకో" అంది. "సాయంత్రం తిరిగొచ్చాక దీన్ని నువ్వే తగిలించాలి. నేనిక్కడ నిలబడి చూస్తా."