నా మీదుగా వెళ్ళిన మాటలు

“అమ్మాయ్, ఆ ఫ్యాను తగ్గించమని మీ ఆయనకు చెప్పు” అన్నారు మామయ్య. మా ఆయన రెండడుగుల దూరంలో, అదే బల్ల దగ్గర, అదే గిన్నెలోంచి కూర వేసుకుంటున్నారు. స్విచ్చు ఆయన భుజం పక్కనే ఉంది. నేను వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి, “ఫ్యాను కాస్త తగ్గిస్తారా, మామయ్యకు చలిగా ఉందట” అన్నాను. “తువ్వాలు కప్పుకోమను” అన్నారు మా ఆయన. “తువ్వాలు తెచ్చివ్వనా మామయ్యా?” అన్నాను. చివరికి ఫ్యాను తగ్గించిందీ, తువ్వాలు తెచ్చిందీ నేనే.

నాలుగేళ్ళుగా ఇంతే. మామయ్య టైలర్. చూపు మందగించి పని మానేశాక, ఆయన కుట్టుమిషన్‌ని మా ఆయన అడక్కుండా ఎవరికో ఇచ్చేశారు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. మాటల్లేవంటే తగ్గాయని కాదు, అన్నీ నా మీదుగా వెళ్తాయని. వాటిని ఉన్నవి ఉన్నట్టు మోస్తే ఇల్లు నిలవదు. “ఆ మొద్దుకి చెప్పు” అన్నది నా నోట్లో “మామయ్య అడుగుతున్నారు” అవుతుంది. “ముసలాయనకు వేరే పనేముంది” అన్నది “ఇవాళ తీరిక లేదట” అవుతుంది. చేపముళ్ళు ఏరి పెట్టినట్టే ఇదీ. ఏరిన ముళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

దూరవిద్యలో కమ్యూనికేషన్ డిగ్రీకి దరఖాస్తు పెట్టినప్పుడు మా ఆయన పగలబడి నవ్వారు. “మాట్లాడ్డానికి డిగ్రీ ఏమిటే! ఆపడానికేమైనా కోర్సుంటే చూడు, ఫీజు నేనే కడతా.” మామయ్య నవ్వలేదు. “ఇంటిపని చెడకుండా చదువుకో” అన్నారు. ఒక్క విషయంలో అయినా ఇద్దరూ ఏకమయ్యారు కదా అనుకున్నాను.

ఇప్పుడు చివరి ఏడాది. ప్రాజెక్టు కోసం ఒక వారం పాటు ఇంట్లో ఎవరు, ఎవరికి, ఏం చెప్పారో గడులు గీసి రాయాలి. మాట బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటుకు బాణం గీయాలి. శనివారం పదింటికి యూనివర్సిటీలో అందరి ముందూ దాన్ని వివరించాలి. వెళ్ళకపోతే ఏడాది పోయినట్టే. “మీరు అనుకున్నది కాదు, చూసింది రాయండి” అని మా మేడం మరీ మరీ చెప్పారు.

స్టవ్ పక్కనే నోట్‌బుక్ పెట్టుకుని రాశాను. గురువారానికి పేజీ నిండా నూనె మరకలు, బాణాలు. ప్రతి బాణమూ నా దగ్గరికి వస్తోంది, నా దగ్గర్నుంచి పోతోంది. నాలో బయల్దేరినవి వెతికితే మూడే దొరికాయి. మూడూ ఒకే మాట: శనివారం నేను యూనివర్సిటీకి వెళ్ళాలి. సోమవారం మా ఆయనకు చెప్పాను. “ఊఁ, నా నీలం చొక్కా ఎక్కడ?” అన్నారు. మంగళవారం మామయ్యకు చెప్పాను. “అలాగేనమ్మా. కళ్ళలో వేసుకునే మందు అయిపోయిందని వాడికి చెప్పు” అన్నారు. బుధవారం ఇద్దరూ బల్ల దగ్గరున్నప్పుడు చెప్పాను. టీవీలో వార్తలు వస్తున్నాయి. ఆ మూడు బాణాలకూ మొన ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే వదిలేశాను.

శుక్రవారం సాయంత్రం మా ఆయన, “రేపు మా ఆఫీసు వాళ్ళు నలుగురు భోజనానికొస్తున్నారు. నాన్నను కాసేపు లోపలి గదిలోనే ఉండమను” అన్నారు. పది నిమిషాలకు మామయ్య పిలిచి, “రేపు పదకొండింటికి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని వాడికి చెప్పు. కుదరదంటే నువ్వే రా” అన్నారు. అలవాటుకొద్దీ రెండు మాటల్లోనూ ముళ్ళు ఏరడం మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను. స్టవ్ తుడిచి, నోట్‌బుక్ సంచిలో పెట్టుకున్నాను.

పొద్దున ఎనిమిదిన్నరకు చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన చూశారు.

“ఎక్కడికే? వంటెవరు చేస్తారు?”

కుర్చీలోంచి మామయ్య, “అమ్మాయ్, డాక్టరు సంగతి వాడికి చెప్పావా?” అన్నారు.

“డాక్టరేంటి? ఇవాళ కుదరదని నాన్నకు చెప్పు.”

“ఆయన మీ ఎదురుగానే ఉన్నారు” అన్నాను. “మామయ్యా, మీ అబ్బాయి కూడా ఇక్కడే ఉన్నారు. నిన్న మీరిద్దరూ చెప్పినవి నేనెవరికీ చెప్పలేదు. మీరే చెప్పుకోండి. నేను సాయంత్రం వస్తాను.”

మెట్ల మలుపులో చెప్పు పట్టీ ఊడితే ఆగాను. పైనుంచి మామయ్య గొంతు వినిపించింది.

“ఎక్కడికిరా ఈ అమ్మాయి?”

“నాకేం తెలుసు నాన్నా! నీకూ చెప్పలేదా?”

“ఒక్క ముక్క చెబితే కదా!”

పట్టీ బిగించుకుని దిగిపోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నోట్‌బుక్ తెరిచి, వారంలో చివరి బాణం గీశాను. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి తండ్రికి. నాలుగేళ్ళలో నన్ను తాకకుండా వెళ్ళిన మొదటి మాట. ఏం చెప్పారు అన్న గడిలో రాశాను: నేను ఏమీ చెప్పలేదని.