జేర్ జబర్లు లేని కాగితం

గ్రౌండ్ నడిమధ్య నిలబడి ఇద్దరు మనుషులు మాదంటే మాదని అరుచుకుంటున్నారు. ఒకడు స్థానిక కౌన్సిల్ అధికారి. రెండోవాడు ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజరు; మేము ముదీర్ అనేవాళ్ళం. వాళ్ళు అరుచుకుంటూ ఉండగానే కౌన్సిల్ మనుషులు గ్యాలరీ మెట్ల కింద నుంచి మా పదకొండు మంచాలూ లాగి ఎండలో పారేశారు. మాలో పెద్దవాడు షావలి చిచ్చా; ఆయన ట్రంకుపెట్టె మూత ఊడి, బట్టలు సున్నపు గీత మీద పడ్డాయి. ఆయన బట్టలు ఏరుకోలేదు. ముందు గీత చెరిగిందేమోనని వంగి చూశాడు. నాలుగేళ్ళుగా ఆ గీత గీసింది ఆయనే.

అది 1984 ఏప్రిల్ ఆఖరు, బుధవారం. ఆ అరబ్బు దేశంలో, ఎగైలా ఊరవతల ఇసుకలో ఆ గడ్డిని మొలిపించింది మేము. మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి రప్పించుకుని పూచీ పడిన యజమాని, క్లబ్బే. ఆ దేశంలో ఉండనిచ్చే మా ఇఖామా కార్డులు, పాస్‌పోర్టులు ముదీర్ బీరువాలో ఉన్నాయి. ఆ సంగతి ముదీర్‌కు తెలుసు. అయినా మా మంచాలు పడుతుంటే అటు తిరిగి నిలబడ్డాడు. గ్రౌండ్‌ను మాదనడానికి ఇద్దరున్నారు. మమ్మల్ని మావాళ్ళనడానికి ఒక్కడూ లేడు.

నేను అడ్డం పోయాను. కౌన్సిల్ అధికారి నా ముఖం ముందు ఒక కాగితం ఆడించాడు. కింద పదకొండు వేలిముద్రలు.

"మీరు ఇచ్చిందే. ఖలాస్," అన్నాడు హిందీలో.

ఆ కాగితం నాకు తెలుసు. దాన్ని మావాళ్ళకు చదివి వినిపించింది నేను.

నా పేరు నూర్ మహమ్మద్. రాయచోటిలో మసీదు పక్క గదిలో కూర్చుని ఎనిమిదేళ్ళు ఖురాన్ చదివాను. అక్షరాల పైనా కిందా మన గుణింతాల్లాంటి జేర్, జబర్, పేష్ గుర్తులుంటే ఎంత పొడుగు వాక్యమైనా గొంతు తడబడకుండా చదువుతాను. అర్థం తెలీదు. మా వాడలో అర్థం ఎవరూ అడగరు. గొంతు బాగుంటే చాలు. మాలో ఎనిమిది మందిమి కడప జిల్లా తురకలమే. వాళ్ళకు నేను చదువుకున్నవాణ్ణి.

అంతకు ఇరవై రోజుల ముందు ముదీర్ మమ్మల్ని ఆఫీసుకు పిలిచి ఆ కాగితం బల్ల మీద పెట్టాడు. మీకు మంచి గది కోసం, వేలిముద్రలు వేయండి అన్నాడు. పది ముఖాలు నా వైపు తిరిగాయి. కాగితం మొదట్లో బిస్మిల్లా ఉంది. ఆ తర్వాతి అక్షరాలకు గుర్తుల్లేవు. ఆఫీసు కాగితాలకు జేర్ జబర్లు ఉండవని నాకు అప్పటిదాకా తెలీదు. గుర్తు లేనిదే ఏ అక్షరాన్ని ఎలా పలకాలో నాకు తెలియదు. అయినా చదివాను. లేని గుర్తులు నేనే పెట్టుకుని, రాగం తీసి చదివాను.

ఆ నిమిషంలో నాలో జరిగింది దాచకుండా చెప్పాలి. రోజంతా గొట్టాలు మోసే నా లోపల ఇంకొక మనిషి లేచి కూర్చున్నాడు. వాడికి ఆ పది ముఖాలూ కావాలి. వాళ్ళు తల వంచి వింటున్న ఆ తీరు కావాలి. 'నాకు తెలీదు' అన్న మాట నాలుక దాకా వచ్చింది. వాడు దాన్ని వెనక్కి లాక్కున్నాడు. "సరిగ్గానే ఉండాది, వేయండి," అన్నాను. ముదీర్ నవ్వి, నకలు ఒకటి నా చేతికిచ్చాడు. పదకొండు మందిలో నాకొక్కడికే ఇచ్చాడని ఆ రోజంతా సంతోషపడ్డాను.

బుధవారం మధ్యాహ్నం ప్రహరీగోడ నీడలో కూర్చున్నాం.

"ఏం రాసిండారురా దాంట్లో?" షావలి చిచ్చా అడిగాడు. "సదివినోడివి నువ్వే గదా."

నేను పలకలేదు.

"నిన్నేరా నూరూ!"

"సదివినా చిచ్చా. అర్థం నాకు తెలీదు."

 రామాంజులు పెద్దగా నవ్వాడు. రోలరు లాగే మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి అంటాడు. "మా ఊరి అయ్యవారు మంత్రం సదివినట్ల సదివినావే! పెండ్లయితే అయిపాయ, ఎవురితో అయిందో మాత్రం తెలీకపాయ!"

"నవ్వు నవ్వు. రేపు ఇమానంలో కూడా నవ్వుకుంటా పోదువు," అన్నాడు చిచ్చా. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

పంపు చూసే సీమోను మా జిల్లావాడు కాదు, గోదావరి వైపు. అతనే అన్నాడు: "ఇప్పుడు ఏడిస్తే ఏమొస్తదండీ? మా ఊరి కరుణమ్మక్క రుమైథియాలో పన్నెండేళ్ళ నుంచీ ఇంటిపని చేస్తంది. అక్షరం ముక్క రాదు గానీ అరబ్బీ గలగలా మాటాడేస్తది. ఈయన చదవాలి, ఆవిడ ఇనాలి. అంతే కదండీ!"

శుక్రవారం చర్చి గోడ పక్కన కరుణమ్మక్క మాకోసం కూర్చుంది. ఆమెకు రెండు గంటలే సెలవు. నేను నకలు విప్పాను. ఈసారి రాగం తీయలేదు. ఒక్కో అక్షరం విడిగా పలికాను.

"బిదూన్... అజన... ఇజన..."

"ఆగయ్యా. ఇజిన్. బిదూన్ ఇజిన్. పర్మిషను లేకుండా అని. ఇప్పుడిక్కడికి రావాలంటే మామాను, మా ఇంటి యజమానురాల్ని, నేనడిగేది అదే. ఊఁ, తర్వాత?"

"లా... యఅరఫ... హమ..."

ఆమె ముఖం మారింది. "లా యఅరిఫ్‌హుమ్. వీళ్ళెవరో తెలీదంట."

"ఎవురికి తెలీదంట?" అన్నాడు చిచ్చా.

"క్లబ్బుకండీ."

గంటన్నర పట్టింది. మేము ఎవరి అనుమతీ లేకుండా దొంగతనంగా మెట్ల కింద చేరామట. క్లబ్బు మమ్మల్ని పనిలో పెట్టుకోలేదట. ఆ నేలను కౌన్సిల్ క్లబ్బుకు ఆట కోసం ఇచ్చింది. మనుషుల్ని అక్కడ కాపురం పెడితే కౌన్సిల్ వెనక్కి తీసుకోవచ్చు. మంచాలు కౌన్సిల్ కంట పడ్డాయి. గ్రౌండ్ పోకుండా ఉండాలంటే మేము క్లబ్బుకు ఏమీ కాకుండా పోవాలి. ఇక మమ్మల్ని దేశంలోంచి పంపించడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. మా వేళ్ళే చాలు.

"ముదీర్ కాళ్ళు పట్టుకుందాం," అన్నాడు రామాంజులు. నవ్వడం మానేశాడు. "ఆదివారం గవర్నమెంటు పెద్దలు వచ్చి గ్రౌండ్ ఎవురిదో తేలుస్తారంట. అందాకా నీళ్ళు పెట్టండి, ఆనక గది సూస్తానన్నాడు గదా."

"ఈ కాగితం కూడా గది కోసరమే అన్నాడు," అన్నాడు చిచ్చా. "గడ్డి క్లబ్బే సాకిందని సెప్పి గ్రౌండ్ అడుగుతాడు వాడు. సాకింది ఎవురు? నీళ్ళు పెట్టొద్దు. ఈ ఎండకు రెండు దినాల్లో ఆ గడ్డే సెప్తాది."

"మన కాగితం కూడా మనమే రాద్దారండి," అన్నాడు సీమోను.

మిగిలిన అరగంటలో ఆమె చెప్పింది, నేను రాశాను. విన్న మాటను విన్నట్టు, ప్రతి అక్షరానికీ జేర్ జబర్ పెట్టి రాశాను. అందులో ఎన్ని తప్పులున్నాయో నాకు తెలీదు. అర్థం మాత్రం తెలుసు: 'నాలుగేళ్ళు మమ్మల్ని ఆ మెట్ల కింద ఉంచింది క్లబ్బు. ఈ గడ్డి మా చేతిది. గ్రౌండ్ ఎవరిదైనా, మేము దాని పనివాళ్ళం.'

"నా పేరు మాత్రం బైటికి రానీకండి బాబూ," అంది కరుణమ్మక్క లేస్తూ. "మామా ఇంట్లో తాళమేసేస్తది."

శనివారం ముదీర్ వచ్చి పసుపెక్కుతున్న గడ్డి చూశాడు. "పంపు వెయ్యండి! యల్లా!" అని అరిచాడు. మేము గోడ నీడలో కూర్చునే ఉన్నాం. పోలీసులను పిలుస్తానన్నాడు.

"పిలవండి సార్," అన్నాడు రామాంజులు, తనకొచ్చిన హిందీలో. "వాళ్ళొస్తే మేము మీకు ఏమవుతామో చెప్పండి."

 మా చేత పని చేయించాలంటే మేము తనవాళ్ళమని ముదీర్ ఒప్పుకోవాలి. నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన మా ముఖాలను ఒక్కొక్కటిగా చూశాడు. కారెక్కి పోయాడు.

ఆదివారం పది గంటలకు ముగ్గురు అధికారులు వచ్చారు. పాత గ్యాలరీ పక్కన కొత్త మెట్లు కడుతున్న ఈజిప్టు మేస్త్రీలు పని ఆపి చూస్తున్నారు. మేము పదకొండు మందిమీ మధ్య గీత మీద వరసగా కూర్చున్నాం. నేను లేచి కాగితం ఇచ్చాను. పెద్ద అధికారి చూసి నవ్వాడు. ఖురాన్ రాతలో అర్జీ ఆయన ఎన్నడూ చూసి ఉండడు. పక్కవాడికి తప్పులు వేలుతో చూపించాడు.

"నేనే చదువుతాను," అని దాన్ని తీసుకుని చదివాను.  నేను చదివే మాటకు అర్థం తెలిసి చదవడం నా బతుకులో అదే మొదలు. రెండో వాక్యానికి ఆయన నవ్వు ఆగింది. మూడో వాక్యానికి మేస్త్రీలు మెట్లు దిగి దగ్గరికొచ్చారు. వాళ్ళకు ప్రతి మాటా అర్థమైంది.

పెద్ద అధికారి ముదీర్ వైపు తిరిగి, వీళ్ళు నీకు తెలుసా అని అడిగాడు.

తెలుసంటే గ్రౌండ్ పోతుంది. తెలీదంటే ఆ గడ్డి సాకింది ఎవరో చెప్పాలి. ముదీర్ పసుపెక్కిన గడ్డి వైపు చూశాడు.

"తెలీదు."

"మాకూ తెలీదు," అన్నాడు కౌన్సిల్ అధికారి వెంటనే. "పోలీసులను పిలవాలి."

"పిలవాల్సిందే," అన్నాడు ముదీర్.

ఏడాదిగా కొట్టుకుంటున్న ఆ ఇద్దరూ ఆ ఒక్క మాట మీద కలిశారు. ఒకే సిగరెట్టు పెట్టెలోంచి చెరొకటి తీసుకుని ముట్టించుకోవడం కూడా చూశాను.

వ్యాను వచ్చేసరికి మధ్య గీత మీద మేము పదకొండు మందిమే లేము. మేస్త్రీలు తాపీలు కింద పెట్టి మా వెనక కూర్చున్నారు. ముప్ఫై మందికి పైనే. వాళ్ళలో ఒకడు రామాంజులుకు ఏదో చెప్పాడు. రామాంజులుకు ఒక్క మాటా తెలీదు, అయినా తల ఊపాడు. మమ్మల్ని ఒక్కొక్కణ్ణి లాగడానికి పోలీసులకు గంట పట్టింది. ఆ రోజు కొత్త గ్యాలరీకి ఒక్క ఇటుక పడలేదు.

నీకు అరబ్బీ మాట ఎవరు చెప్పారని స్టేషన్‌లో నన్ను కొట్టారు. నేను చెప్పలేదు. బుధవారం నాటి మౌనానికి, ఈ మౌనానికి నా లోపల ఎంత దూరముందో కొలుచుకుంటూ దెబ్బలు తిన్నాను.

గ్రౌండ్ ఎవరికి వచ్చిందో మాకు తెలీదు. దేశంలోంచి పంపేసేవాళ్ళను ఉంచే గదిలో మమ్మల్ని వేశారు. నూట ఇరవై మంది. ముందు షావలి చిచ్చాను పిలిచారు; ఆయన తలుపు దగ్గర ఆగి, "నూరూ, రాసేది మానొద్దురా," అని పోయాడు. ఆ మధ్యాహ్నానికే గదిలో సంగతి పాకింది. అర్దియాలో తారు పోసే బంగ్లా వాళ్ళు ఏడుగురు, పాకిస్తానీ డ్రైవరొకడు, తలా ఒక కాగితం పట్టుకుని నా చుట్టూ చేరారు. అందరివీ గుర్తుల్లేని కాగితాలే. కింద అందరివీ వేలిముద్రలే.

"మౌల్వీ సాబ్, చదివి చెప్పండి," అన్నాడు డ్రైవరు.

"నాకు అర్థం తెలీదు," అన్నాను. "అరబ్బీ మాట తెలిసినవాడు ఎవరైనా వచ్చి నా పక్కన కూర్చోండి."

గోడవార పడుకున్న ఒక యమనీ ముసలాయన లేచి వచ్చాడు. అందరూ చుట్టూ సర్దుకుని ఆయనకు చోటిచ్చారు.