దుంగల ఇంటి గడప

చాముండేశ్వరిగారికి ఆ దుంగల ఇల్లంటే ప్రాణం. పరాయి దేశంలో మిల్టన్ అనే ఊరి పక్కన అడవి కొట్టి, దేవదారు దుంగలు పేర్చి, వందేళ్లకు పైనే కిందట ఆగ్నెస్ అనే ఆవిడ పెనిమిటి కట్టిన ఇల్లది. ఇప్పుడు మ్యూజియం. రిటైరయ్యాక ఆ దేశమొచ్చి, ఊసుపోక అక్కడ గైడుగా చేరిన చాముండేశ్వరిగారు, ఆగ్నెస్ తన సొంత మేనత్త అయినట్టే కథ చెప్పేవారు.

ఆ శుక్రవారం ఆగ్నెస్ మునిమనవరాలు మార్గరెట్ ఇల్లు చూడటానికి వస్తోంది. ఇంటి ఆడపడుచు పుట్టింటికొస్తుంటే గడప బోసిగా ఉంటే ఎలా? చాముండేశ్వరిగారు పొద్దున్నే వచ్చి, గడపకు శుభ్రంగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేశారు.

మేనేజరు దీపక్ అది చూసి గుండెలు బాదుకున్నాడు. అక్కడికి దగ్గర్లోని బ్రాంప్టన్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు, తెలుగు అంతంతమాత్రం.

"ఆంటీ! వాట్ ఈజ్ దిస్? ఇది హెరిటేజ్ వుడ్! ఆవిడ కంప్లెయింట్ చేస్తే మిమ్మల్ని తీసేస్తారు. ఐ కాంట్ హెల్ప్!"

"కంగారు పడకు నాయనా, కడిగేస్తాగా!"

కడిగారు, సబ్బుతో. పచ్చటి గడప కాస్తా ఎర్రగా రక్తం కారినట్టు తయారైంది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో కాకినాడ కాలేజీలో బల్లగుద్ది పాఠం చెప్పిన కెమిస్ట్రీ మేడమండీ ఈవిడ! తొందరలో బుర్ర ఎక్కడ పెట్టారో ఏమో.

అంతలో కర్ర టకటకలాడిస్తూ మార్గరెట్ రానే వచ్చింది. ఎనభై దాటిన మనిషి. గడప చూసి ఆగిపోయింది.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అంది ఇంగ్లీషులో.

దీపక్ ముఖం మాడిపోయింది. చాముండేశ్వరిగారికి ఉద్యోగం ఊడినట్టే అనిపించింది. ఈ ఇల్లు లేకపోతే ఇక రోజంతా టీవీ ముందు కూర్చోవడమే. తలచుకుంటేనే ఏడుపొచ్చింది. అయినా వచ్చిన ఇంగ్లీషులో ఉన్నమాట చెప్పేశారు.

"తప్పు నాదేనండీ. మాకు గడపంటే లక్ష్మీదేవి, తొక్కం. మీ ఆగ్నెస్ కాపురానికి వచ్చింది దీన్ని దాటే. జ్వరంతో పోయిన ఇద్దరు పిల్లల్ని బయటికి మోసుకెళ్లిందీ దీని మీదుగానే. అలాంటి గడపను అందరూ బూట్లతో తొక్కుతుంటే చూడలేకపోయాను."

మార్గరెట్ తల వంచి మళ్లీ గడపకేసి చూసింది.

"ఇక్కడికొస్తే అందరూ మా ముత్తాత అడవి కొట్టిన గొడ్డలే చూపిస్తారు. ఆ పిల్లల మాటెత్తింది నువ్వొక్కదానివే. ఇకముందూ ఈ ఇంటి కథ నువ్వే చెప్పు," అంది.

కర్ర దీపక్ చేతికిచ్చి, చాముండేశ్వరిగారి భుజం పట్టుకుని, నొప్పి మోకాలు పళ్లబిగువున పైకెత్తి, గడప తొక్కకుండా లోపలికి దాటింది. ఆనక వెనక్కి తిరిగి దీపక్ కాళ్లకేసి చూసింది.

దీపక్ బూట్లు విప్పి మరీ దాటాడు.